మూడుసార్లు కిందికి దిగిన కోతి

మా కొబ్బరితోటలో కోతి చేత కాయ దింపించిన రోజు పొద్దున్న నేను సంతోషించాను. ఇప్పుడది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆ సంతోషం సంగతి ముందు చెప్పకపోతే, తరువాత జరిగినదంతా ఎవరో చేసిన తప్పులా కనిపిస్తుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది మామిడికుదురు దాటాక కాలువ పక్కన ఉన్న చిన్న ఊరు. ఇంటి వెనక నలభై చెట్ల తోట. మా నాన్నగారు వేదం చెప్పిన మనిషి. ఆయన పోయాక తోట నాకొచ్చింది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. కొబ్బరి తోట ఉన్నవాళ్ళకి రెండు నెలలకోసారి దింపు తప్పదు. దింపకపోతే ఎండుకాయ ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. ఇరవై ఏళ్ళపాటు మా చెట్లన్నీ ఒకే మనిషి ఎక్కాడు. కాళ్ళకు తాడు తగిలించుకుని, నడుముకు కత్తి దోపుకుని, నాతో కబుర్లు చెబుతూనే పైకి వెళ్ళిపోయేవాడు. మాట వినిపిస్తూనే ఉండేది, మనిషి మాత్రం చిన్నవాడైపోయేవాడు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, కాలువ మూలనున్న చెట్టు మీది నుంచి జారిపడ్డాడు. అప్పుడు నేను తోటలోనే ఉన్నాను. కాయ పడితే నేల మోగుతుంది. మనిషి పడితే మోగదు. ఆ తేడా నాకు ఆ రోజే తెలిసింది. తుంటి విరిగింది. అమలాపురం ఆస్పత్రిలో రాడ్డు వేశారు. బతికాడు గానీ కుడికాలు పొట్టిదైపోయింది, చేతికి కర్ర వచ్చింది.

ఆ తరువాత ఎక్కేవాళ్ళు దొరకలేదు. ఆ పని వచ్చిన కుర్రవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. చెట్టెక్కే యంత్రం తెప్పించాను. మా చెట్లు కాలువ వైపు వంగి ఉంటాయి, అది మధ్యలో ఇరుక్కుపోయింది. దాన్ని దింపడానికి మళ్ళీ మనిషిని వెతకవలసి వచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఆ పడిన మనిషే భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

“టీచరుగారండీ, దింపుకొచ్చేమండి,” అన్నాడు.

“ఎవరెక్కుతారు?”

“ఇదండి.”

అతని భార్య భుజం మీద ఒక ఆడకోతి కూర్చుని ఉంది. మెడకు తోలుబెల్టు, బెల్టుకు పొడవాటి నైలాన్ తాడు. ఆమె చెవిపోగును పట్టుకుని పరిశీలిస్తోంది. మస్కట్‌లో ఉన్న బావమరిది ఫోనుకు ఒక వీడియో పంపాడట. ఏదో దేశంలో కోతులు కొబ్బరికాయలు తెంపుతున్న వీడియో. అది చూసి, ఆట మానేస్తున్న ఒక కోతులవాడి దగ్గర దీన్ని తీసుకున్నాడు. ఎనిమిది నెలలు నేర్పాడట.

“నాకో కాలు పోయిందండి. దీనికి నాలుగున్నాయండి,” అన్నాడు నవ్వుతూ.

“దీనికి పెట్టినన్ని అరటిపళ్ళు నాకీయన పెళ్ళైనకాణ్ణించీ పెట్టలేదండి,” అంది భార్య.

నేను కూడా నవ్వాను. నా బుర్ర అప్పటికే వాదన సిద్ధం చేసేసింది. ఎద్దు నాగలి లాగుతుంది. కుక్క తోట కాస్తుంది. కోతి పుట్టిందే చెట్టు మీద, అది ఎక్కితే తప్పేమిటి? దాన్ని ఎక్కించడం వల్ల ఒక మనిషి నడుము విరగకుండా ఉంటుందంటే ఇంతకంటే మంచి లెక్క ఉంటుందా? అడవి జంతువును కట్టి పెంచకూడదని చట్టం ఉందని నాకు తెలుసు. సైన్సు టీచరునై ఉండి తెలియదని ఎలా అంటాను? ఆకలి చట్టం కంటే పాతదని నాకు నేను చెప్పుకుని దాన్ని పక్కన పెట్టేశాను.

కోతి దింపుతోందన్న మాట ఊళ్ళో పాకింది. పక్క వాటా మా పెదనాన్నగారి అబ్బాయిది. నాకంటే పెద్దవాడు, శివాలయంలో అర్చకుడు. ప్రహరీ మీద చేతులానించి నిలబడ్డాడు.

“ఏమే, స్వామి చేత కూలిపని చేయిస్తున్నావుట.”

“అది ఆడకోతి, అన్నయ్యా. స్వామి ఎలా అవుతుంది?”

“పోనీ, మీ లెక్కనే వస్తాను. కోతి నుంచి మనిషొచ్చేడంటావు కదా. మరి ముత్తవ్వగారి చేత చెట్టెక్కిస్తావుటే?”

తోటలో చేరినవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఊరుకోలేదు. “ఇందాక దీన్ని వీధిలో తీసుకొస్తుంటే అరటిపండిచ్చి దణ్ణం పెట్టేవు. దేవుడి మెడకి తాడెందుకుందని అడిగేవా?”

అన్నయ్య ప్రహరీ మీది చేతులు తీసేశాడు. నేను గెలిచాను. గెలవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. కాలేజీ రోజుల్లో దేవుడి మీద, జాతకాల మీద, బాణామతి మీద వేదికలెక్కి వాదించినదాన్ని. పెద్ద పెద్దవాళ్ళను నోరు మూయించానని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా నాన్నగారు నా అభిప్రాయాల్లో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు గానీ వాదించడం నేర్పింది మాత్రం ఆయనే. భోజనాల దగ్గర నేను ఆవేశపడి మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపేవారు. “ముందు పూర్వపక్షం చెప్పు,” అనేవారు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా నువ్వు చెప్పాలి. వాడు విని, అవును నేనన్నది అదే అని ఒప్పుకోవాలి. ఆ తరువాతే నీ సమాధానం. పూర్వపక్షం వినకుండా గెలిచినవాడు గెలిచినట్టు కాదు, అరిచినట్టు. ఇదీ ఆయన నియమం. నా వ్యాసాల్లో దాన్ని ఎన్నోసార్లు పాటించాను. తోటలో ఆ ఉదయం పాటించలేదు.

కోతి మొదటి చెట్టు ఎక్కింది. అతను కింద తాడు పట్టుకుని, నాలుకతో చిన్న చప్పుడు చేస్తూ నిలబడ్డాడు. అది గెలలోని ముదురుకాయను పట్టుకుని తిప్పింది, తిప్పింది, తొడిమె తెగి కాయ దబ్బున పడింది. చూస్తున్న ఆడవాళ్ళు ఒక్కసారి గాలి పీల్చుకున్నారు. ఒకావిడ బొట్టుపెట్టె తీసుకొచ్చి, కోతి కిందికి రాగానే దాని నుదుట కుంకుమ పెట్టింది. మరొకావిడ చెంపలేసుకుంది. ఆ చేత్తోనే, “మా తోటకెప్పుడొస్తారు?” అని అతన్ని అడిగింది. ఆ రెండు పనులూ ఒకే మనిషి ఒకే నిమిషంలో చేయగలగడం చూసి నాకు వ్యాసం రాయాలనిపించింది. ఆ ఆలోచనలోనే ఉన్నాను నేను. ఆరు చెట్లయ్యాయి.

ఏడోది కాలువ మూల చెట్టు. అతను పడిన చెట్టు.

కోతి సగం దాకా ఎక్కి ఆగింది. తల పైకెత్తి, పక్కకు వంచి, కాసేపు కదలకుండా ఉంది. దిగిపోయింది. అతను తాడు కుదిపి మళ్ళీ పంపాడు. ఈసారి సగం దాకా కూడా వెళ్ళలేదు. మూడోసారి రెండు నిలువుల ఎత్తు ఎక్కి, గబగబా దిగి, అతని పొట్టికాలును రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది.

వెనక గుసగుసలు మొదలయ్యాయి. స్వామికి ఆ చెట్టు పనికిరాదట. ఆ మనిషి పడినప్పుడే అనుకున్నారట, అందులో ఏదో ఉందని. నిమ్మకాయ కోయాలట. పసుపునీళ్ళు చల్లాలట. ఒకాయన అప్పుడే గుమ్మడికాయ దాకా వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళు ఈ మాటలతోనే యుద్ధం చేశాను. నా తోటలో, నా కళ్ళ ముందు, ఒక చెట్టు దెయ్యం చెట్టు అయిపోతోంది. రేపు దానికి పసుపుగుడ్డ కడతారు. ఎల్లుండి కొబ్బరికాయ కొడతారు.

“ఎక్కించు,” అన్నాను.

“వద్దులెండి, టీచరుగారండీ. దానికేదో తోస్తోందండి.”

“నువ్వు కూడా నమ్ముతున్నావా వీళ్ళ మాటలు?”

“నమ్మకం కాదండి. అదెప్పుడూ ఇలా చెయ్యలేదండి.”

“అయితే ఎక్కించు. ఎక్కకపోతే ఈ ఊళ్ళో ఈ కథ ఇంక చావదు.”

అతను నా ముఖం చూశాడు. “ఆయ్,” అన్నాడు. కర్ర పైకెత్తాడు. కొట్టలేదు, ఎత్తాడంతే. కోతి రెండు చేతులతో తల కప్పుకుంది. ఆ కప్పుకోవడం ఎంత అలవాటుగా ఉందో నేను చూశాను. చూసి కూడా మాట్లాడలేదు. అది చెట్టు ఎక్కింది. ఈసారి ఆగలేదు.

మట్టల్లోకి చెయ్యి పెట్టగానే పొగ లేచినట్టు కందిరీగలు లేచాయి. మొవ్వు దగ్గర, ఎండు మట్టల చాటున, బుట్టంత తుట్టె ఉంది. కింది నుంచి కనబడదు. కోతి పక్క చెట్టు మీదికి దూకింది. ఆ చెట్టు అందుకుని ఉంటే బతికేదే. తాడు మట్టకు చుట్టుకుని ఉంది. దూకిన కోతి గాలిలోనే ఆగిపోయి, మెడ మీద వేలాడింది. అతను చేతిలోని తాడు ఎప్పుడో వదిలేశాడు. పైన చిక్కుకున్న తాడును ఎవరు వదలాలి?

తోటలో అందరూ పరుగెత్తారు. అతను మాత్రం కర్ర పారేసి చెట్టు వైపు వెళ్ళాడు. చెట్టును వాటేసుకుని ఎక్కాడు. ఒక నిలువు ఎక్కాడు, ఇంకొంచెం ఎక్కాడు. అక్కడ కుడికాలు పట్టు దొరకక అలాగే బోదెకు చెంప ఆనించి ఉండిపోయాడు. “దిగు, దిగు” అని అతని భార్య కింద నుంచి అరుస్తోంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

చివరికి కోతి పెనుగులాటకే తాడు చిక్కు వీడింది. అది చెట్ల మధ్య నీటికాలువలో, బురదలో పడింది. అతన్ని ఇద్దరు మోసి దింపారు. నేను బురదలోకి దిగి కోతిని ఎత్తుకున్నాను. ముందు దాని మెడకున్న బెల్టు విప్పాలనుకున్నాను. రాలేదు. వేలు దూర్చబోతే దూరలేదు. బెల్టు అంచు మాంసంలోకి దిగిపోయి ఉంది. ఇవాళ్టి గాయం కాదు. చుట్టూ పాత పుండు, ఎండిన చీము, కొత్త రక్తం. నోరు తెరిచి ఊపిరి పీల్చుకోవాలని చూస్తోంది. పైన కోరలుండవలసిన చోట రెండు గుంటలున్నాయి.

“కోరలేవి?” అన్నాను.

“ముందే పీకించేనండి. ఎవరినైనా కరిస్తే ఊళ్ళో ఉండనివ్వరు కదండీ,” అన్నాడు అతను. అతని ముఖం కూడా కందిరీగల కాట్లకు వాచిపోతోంది. చెప్పిన తీరులో దాపరికం ఏమీ లేదు. నాగలికి కర్రు ఎందుకు బిగించావంటే చెప్పినట్టు చెప్పాడు.

పశువుల డాక్టరు వచ్చేసరికి అది మా వరండాలో చనిపోయింది.

ఆ మధ్యాహ్నం ఊరు మా ఇంటికి వచ్చింది. మా వైపు కోతి చనిపోతే మనిషికి చేసినట్టే చేస్తారు. పాడె కడతారు, మేళం పెడతారు, పూడ్చిన చోట చిన్న గుడి లేస్తుంది. బతికుండగా దాని మెడ ఎవరూ చూడలేదు. చనిపోయాక పూలదండ వేయడానికి మాత్రం నలుగురు పోటీపడ్డారు. మూల చెట్టు దగ్గరే పూడ్చాలనీ, అక్కడే గుడి కట్టుకోవడానికి జాగా ఇవ్వాలనీ పెద్దమనిషి ఒకాయన నన్ను అడిగాడు. స్వామి మూడుసార్లు హెచ్చరించాడట. టీచరుగారు వినలేదట. ఆ మాట ఆయన నా ముందే, చాలా మర్యాదగా అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “పైన కందిరీగల తుట్టె ఉంది. దానికి వాసన తెలిసింది, చప్పుడు వినిపించింది. అందుకే దిగింది. మీరు దెయ్యం అన్నారు, అది తప్పు. కానీ మీరు ఆగారు. ఎందుకు దిగిందో పైకి చూడవలసినదాన్ని నేను. చూడలేదు. ఎక్కించమన్నది నేను. ఇందులో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. నేనున్నాను. పూడ్చడానికి జాగా ఇస్తాను. గుడికి ఇవ్వను. గుడి కడితే మన తప్పు ఇటుకల కింద పడి కనబడకుండా పోతుంది.”

వెనక నుంచి ఒకావిడ మెల్లగా, “చూసేరా, ఆవిడ చేత కూడా తప్పొప్పించేడు స్వామి,” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు చెంపలేసుకున్నారు.

అన్నయ్య ఆ రోజు మంత్రం చదవలేదు. పూడ్చడం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా అతను ప్రహరీ దగ్గరే ఉన్నాడు. “నేను దణ్ణం పెట్టేను, నువ్వు పని చెప్పేవు. మెడ మటుకు ఇద్దరం చూళ్ళేదే,” అన్నాడు.

రెండు వారాల తరువాత దింపు మనిషి వచ్చాడు. ముఖం వాపు తగ్గింది. మెట్టు మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని చాలాసేపు తోట వైపు చూశాడు.

“ఇంకో పిల్ల ఉందంటండి. మా బామ్మర్ది అడగమన్నాడండి. మీరేవంటారండి?”

వద్దు అనడానికి నా దగ్గర పది కారణాలున్నాయి. అన్నీ మంచివే. చట్టం, పుండు, కోరలు. చెప్పబోయి ఆగాను. “దానికెలా నేర్పావు?” అని అడిగాను. అది ముందే అడగవలసిన ప్రశ్న. ఎనిమిది నెలల పని అన్నప్పుడే అడగవలసింది.

“తిండి ఆపేస్తామండి. ముందు రెండు రోజులండి. అప్పుడు గుంజకి కాయ కడతామండి. తిప్పితే పండు, తిప్పకపోతే లేదండి. కింద తిప్పడం వచ్చేక చెట్టు. దిగొచ్చేస్తే కర్ర చూపిస్తామండి.” నా ముఖంలో ఏం కనిపించిందో, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు. “కొత్తేం కాదండి. మా అయ్య నాకూ అలాగే నేర్పేడండి. పైదాకా ఎక్కేదాకా గంజి పోసేవోరు కాదండి. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయండి. ఆకలైతే భయం పోద్దండి.”

ఇరవై ఏళ్ళు ఆ మనిషి దింపిన కాయతో మా ఇంట్లో పచ్చడి చేశాం. మనిషి బదులు కోతి అని నేను వేసుకున్న లెక్కలో ఇటు మనిషి, అటు కోతి ఉన్నారనుకున్నాను. వాళ్ళిద్దరూ ఒకే వైపు ఉన్నారు. ఇవతల నేనున్నాను.

“దాన్ని ఎక్కించమన్నప్పుడు నువ్వు గట్టిగా కాదని ఎందుకు చెప్పలేదు?” అన్నాను. అడిగిన మరుక్షణమే ఆ ప్రశ్నలోని అన్యాయం నాకు తెలిసింది.

అతను నేల చూశాడు. “చెప్పడం నాకు రాదండి. నేను పడ్డ రోజునా చెప్పేనండి, చెట్టు చెమ్మగా ఉందండి, రేపొస్తానని. మీకు గుర్తుండి ఉండదండి.”

గుర్తు లేదు. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అతను అన్నాక వచ్చింది. పొద్దున్న వాన వెలిసింది. కాయల వ్యానువాడు ఆ సాయంత్రమే వస్తానన్నాడు. అతను చెట్టును అరచేత్తో తడిమి చూసి ఏదో అన్నాడు. నేను వరండాలో పేపరు చదువుకుంటున్నాను. “ఎండొచ్చేసిందిగా, ఆరిపోయి ఉంటుందిలే,” అన్నాను. తల ఎత్తకుండానే అన్నాను. అతను “ఆయ్” అన్నాడు.

ఆ పడిన చప్పుడు మాత్రం ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకున్నాను. ఆ చప్పుడును చూపించి, కోతిని ఎక్కించడం న్యాయమని నన్ను నేను ఒప్పించుకున్నాను. దానికి ముందు అతనన్న మాట ఒకటుందని మరిచిపోయాను. మూఢనమ్మకం అంటే ఇంతకాలం ఊళ్ళోవాళ్ళదే అనుకున్నాను.

చాలాసేపటికి, “నువ్వు చెప్పు. నీకేం చెయ్యాలనుంది?” అన్నాను. ఇరవై రెండేళ్ళలో అతన్ని ఈ మాట అడగడం అదే మొదలు. అతనికీ కొత్తగానే ఉంది, కర్రను ఒళ్ళోకి తీసుకున్నాడు.

“ఇంకోదాన్ని తేవడానికి నాకు మనసొప్పటం లేదండి. మా ఆవిడ వారం రోజులు అన్నం తినలేదండి,” అన్నాడు చివరికి. “చెట్టుని వదిలేయండి. పండిన కాయ అదే రాలుద్దండి. చుట్టూ దడి కట్టేస్తే కింద ఎవరూ తిరగరండి. పొద్దున్నే మా ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని ఏరుద్దండి. కూర్చుని ఒలవడం నాకు చేతనవునండి. ముదురుకాయ కాబట్టి అటకెక్కిస్తే లోపలే ఎండి కురిడీ అవుద్దండి.”

“గంప ఏం ఆపుతుంది? గాలి ఉన్న రోజున?”

“గాలి ఉన్న రోజున ఏరరండి.” ఆగి, “ఏరమనకూడదండి,” అని దిద్దుకున్నాడు.

ఆ మాట నాకోసం అన్నాడు. మంచిదే అన్నాను.

దడి కట్టాం. కొంత కాయ కాలువలో పడి పోతోంది, కొంత ఉడతలు కొరికేస్తున్నాయి. ఇది గొప్ప పరిష్కారమని నేను ఎక్కడా రాయను. ఒక తోటలో సరిపోయింది. అతను పెరటి పాకలో గునపం పాతుకుని ఒలుస్తాడు. మొన్న పీచు దులుపుకుంటూ కూర్చున్నప్పుడు ఆ మూల చెట్టు సంగతి ఎత్తాను. కొట్టించేద్దామా, నువ్వేమంటావు అని అడిగాను. దాని మొదట్లో పూడ్చిన చోట ఎవరో రాయి పెట్టి పసుపు పూశారు. నేను తీయలేదు, తీయమని ఎవరికీ చెప్పలేదు.

అతను చెయ్యి అడ్డంపెట్టుకుని తల పైకెత్తి చూశాడు. నేనూ చూశాను.

“ఉండనివ్వండి,” అన్నాడు. “తుట్టె ఉంది కదండీ. ఇంకెవరినీ ఎక్కమనరు.”